ఆగిపోయిన ఫాస్టింగ్‌ని మళ్ళీ మొదలుపెట్టడం: మొదటి పది రోజులు

నమస్కారం. సంక్రాంతికి ఊరెళ్ళారు. వచ్చేటప్పుడు ఒక స్టీలు డబ్బా నిండా అరిసెలు, ఇంకో డబ్బాలో జంతికలు. అవి అయిపోయేలోపు ఒక పెళ్ళి, దాని వెనకే ఒక గృహప్రవేశం. మూడు నెలలు చక్కగా నడిచిన 16:8 ఫాస్టింగ్ (రోజులో 16 గంటలు తినకుండా ఉండి, మిగతా 8 గంటల్లోనే తినడం) ఆగిపోయి నెల దాటింది. యాప్ తెరిస్తే వరుసగా ఎన్ని రోజులు చేశారో చూపించే చోట సున్నా ఉంది. వేయింగ్ మెషీన్ ఎక్కితే రెండున్నర కిలోలు పెరిగారు. రోజూ రాత్రి "రేపట్నుంచి గట్టిగా" అనుకోవడం, పొద్దున పదింటికి ఇడ్లీ ప్లేటు ముందు కూర్చోవడం.

రేపు 16 గంటలతో మొదలుపెట్టకండి. 12తో మొదలుపెట్టండి. అది కూడా పొద్దున టిఫిన్ మానేసి కాదు, రాత్రి భోజనం టైమ్ పట్టుకుని. ఈ వీడియో అంతా ఆ రెండు విషయాల గురించే.

అయితే ముందు, ఎవరు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదో చెప్పాలి. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు. తినకుండా ఈ మందులు వాడితే షుగర్ పడిపోతుంది. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలతో ఇంకో రకం ప్రమాదం ఉంది. షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పెరిగిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ళలోపు పిల్లలు, జ్వరం నుంచి ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నవాళ్ళు, ఒకప్పుడు తిండి మానేయడం, ఆపై ఆపుకోలేకుండా తినేయడం అనే సమస్యతో బాధపడినవాళ్ళు కూడా. వీళ్ళంతా డాక్టర్‌తో మాట్లాడాకే. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువ వస్తే ఫాస్టింగ్ అక్కడితో ఆపేయాలి. మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్ళీ చూసుకోవాలి.

ఇప్పుడు ఆ రెండున్నర కిలోల సంగతి. మనసు విరిగేది సగం దీనివల్లే కాబట్టి లెక్క వేద్దాం.

(తెర మీద: 7,700 × 2.5 = 19,250)

ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 క్యాలరీలు. నాలుగు రోజుల పండగలో రెండున్నర కిలోల కొవ్వు పట్టాలంటే, మీ మామూలు తిండి మీద ఇంకో 19,250 క్యాలరీలు తినాలి. అరిసెకి 150 వేసుకున్నా రోజుకి 32 అరిసెలు, భోజనాలు కాకుండా! ఎంత ప్రేమగా పెట్టినా అన్ని తినలేరు. మరి ఆ బరువు ఏంటి? మన కాలేయంలో, కండరాల్లో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం, బెల్లం, పిండివంటలు ఎక్కువ తిన్నప్పుడు ఆ గోదాము నిండుతుంది, నీళ్ళూ చేరతాయి. జంతికల్లో, ఊరగాయల్లో ఉండే ఉప్పు ఇంకొంచెం నీటిని పట్టి ఉంచుతుంది. ఫాస్టింగ్ ఆగి నెల దాటింది కాబట్టి కొంత కొవ్వు కూడా చేరి ఉండొచ్చు, కాదనను. అది ఎంతో ఈరోజు తెలియదు. మళ్ళీ మొదలుపెట్టిన అయిదో రోజు పొద్దున తూచుకుంటే ఆ అంకెని కొంత నమ్మొచ్చు. అప్పటిదాకా మెషీన్ మంచం కింద ఉండనివ్వండి.

ఇక మోటివేషన్. "నిండా మునిగినవాడికి చలేంటి" అంటాం కదా, సరిగ్గా దాన్నే 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగంలో చూశారు. తిండి విషయంలో కట్టడిగా ఉండేవాళ్ళలో కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీం రుచి చూడమన్నారు. కడుపు నిండింది కాబట్టి తక్కువ తినాలి. కానీ మిల్క్‌షేక్ తాగనివాళ్ళకన్నా ఎక్కువ తిన్నారు. "ఎలాగూ నియమం తప్పింది, ఇంకెందుకు" అన్నమాట. మీ యాప్‌లో సున్నా చేసేది కూడా ఇదే పని. 90 రోజులు చేసినవాడికీ నిన్న మొదలుపెట్టినవాడికీ ఒకే సున్నా చూపిస్తుంది. దాన్ని ఆపేయండి. గోడ క్యాలెండర్ మీద చేసిన రోజుకి ఒక టిక్కు పెట్టండి, నెలకి 20 టిక్కులు లక్ష్యం. మిగతా పది రోజులు పెళ్ళిళ్ళకీ చుట్టాలకీ. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మంది కొత్త అలవాట్లు చేసుకోవడాన్ని 12 వారాలు గమనించింది. మధ్యలో ఒక రోజు తప్పడం వల్ల అలవాటు స్థిరపడటానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ కనిపించలేదు. అంటే ఒక రోజు తప్పినందుకు కాదు, ఆ రోజుని చూసుకుని మిగతా నెలంతా వదిలేసినందుకే మన ఫాస్టింగ్ ఆగిపోతోంది.

ఒక్కపొద్దు ఉండేవాళ్ళని చూడండి. శనివారం ఒక్కపొద్దు ఏళ్ళ తరబడి తప్పరు. వాళ్ళకి ప్రతి శనివారం పొద్దున మోటివేషన్ పొంగుకొస్తుందనుకుంటున్నారా? రోజు ముందే ఖాయమైపోయింది, ఇంట్లో అందరికీ తెలుసు, ఆ పూట వాళ్ళకి టిఫిన్ వెయ్యరు. నిర్ణయం తీసుకోవాల్సిన పనే లేదు. (రాత్రి తొమ్మిదింటికి ఆరు పూరీలు తినడం వేరే విషయం.) మన ప్లాన్‌కి కూడా ఆ స్థిరత్వం కావాలి. కాబట్టి మొదటి పని: రాత్రి వంటిల్లు ఎన్నింటికి మూతపడుతుందో ఇంట్లో గట్టిగా చెప్పండి. వంట చేసేది ఇంకొకరైతే, వాళ్ళతో మాట్లాడకుండా ఈ ప్లాన్ రెండు రోజులు కూడా నిలవదు.

ఎందుకంత పట్టు రాత్రి భోజనం మీద? ఫాస్టింగ్ ఆగిపోయిన క్రమాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. ముందు పొద్దున తప్పిందా, రాత్రి తప్పిందా? ఎక్కువమందికి రాత్రే. ఎనిమిదింటి భోజనం తొమ్మిదిన్నరకి జరుగుతుంది, ఆ తర్వాత ఫోన్ చూస్తూ గుప్పెడు మిక్చర్. పదకొండింటికి తిన్నది ఆగిందంటే, 16 గంటలు మర్నాడు మధ్యాహ్నం మూడింటికి గానీ కావు. అది ఎవరివల్లా కాదు. అందుకని రాత్రి టైమ్‌ని మేకులా కొట్టేయండి, పొద్దున టైమ్‌ని అటూ ఇటూ జరగనివ్వండి.

(తెర మీద: పది రోజుల పట్టిక)

రాత్రి 8:30కి తినడం పూర్తి. మొదటి మూడు రోజులు పొద్దున 8:30కి టిఫిన్, అంటే 12 గంటలు. "ఇదేం ఫాస్టింగ్" అనిపిస్తుంది, అనిపించాలి కూడా. నాలుగు నుంచి ఆరో రోజు వరకు 9:30కి, 13 గంటలు. ఏడు నుంచి పదో రోజు వరకు 10:30కి, 14 గంటలు. ఆ తర్వాత వారానికి ఒక గంట చొప్పున పెంచితే ఇంకో రెండు వారాల్లో 16కి వస్తారు. ప్రస్తుతం మీ భోజనం పదింటికైతే, ఒకేసారి 8:30కి లాగకండి. రోజుకి పావుగంట చొప్పున ముందుకి జరపండి, ఆరు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఎన్నింటికి ముగిస్తే అక్కడినుంచి 12 గంటలు.

మెల్లగా పెంచడానికి కారణం ఉంది. గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ మీరు రోజూ తినే వేళకి పెరుగుతుంది. నెల రోజులుగా ఎనిమిదింటికి టిఫిన్ తింటుంటే, ఎనిమిదింటికి కడుపు పిలుస్తుంది. తినకపోయినా కాసేపటికి అది దానంతటదే తగ్గుతుంది. వేళ మారుస్తే కొద్ది రోజుల్లో హార్మోన్ కూడా కొత్త వేళకి అలవాటు పడుతుంది. గంట జరిపితే ఆ అలని దాటగలరు. నాలుగు గంటలు ఒకేసారి జరిపితే అల మీద అల వస్తుంది. నిద్ర తక్కువైన మర్నాడు ఆకలి ఇంకా ఎక్కువ ఉండొచ్చు. సరిగా నిద్రపోని రోజు గంటలు పెంచకండి, నిన్నటి టైమే ఉంచండి.

కాఫీ దగ్గరే చాలామంది తడబడతారు. 75 మిల్లీలీటర్ల పాలు, రెండు స్పూన్ల పంచదార వేసిన కాఫీలో సుమారు 80 క్యాలరీలుంటాయి. అది తాగితే ఫాస్టింగ్ ముగిసినట్టే. అలాగని కాఫీ మొత్తం మానేస్తే, మర్నాటికల్లా తలనొప్పి పట్టుకుంటుంది. అది కెఫీన్ మానేసినందుకు వచ్చే తలనొప్పి, పాపం ఫాస్టింగ్ మీద పడుతుంది నింద. డికాక్షన్‌లో వేడినీళ్ళు పోసుకుని తాగండి. అది గొంతు దిగకపోతే, మొదటి పది రోజులూ పాల కాఫీని టిఫిన్ టైమ్‌కి జరపండి. పల్చటి మజ్జిగలో కూడా క్యాలరీలున్నాయి. అయినా ఒక గ్లాసు మజ్జిగతో ఇంకో గంటన్నర ఆగగలిగితే తాగండి, మార్కులు వేసే మాస్టారెవరూ లేరు.

నాలుగైదు రోజుల్లో లేచి నిలబడగానే కళ్ళు తిరిగినట్టు ఉంటే, గ్లైకోజెన్‌తోపాటు నీళ్ళూ, సోడియమూ బయటికి పోతుండటం ఒక కారణం. గ్లాసు నీళ్ళలో చిటికెడు ఉప్పు, కొంచెం నిమ్మరసం సరిపోతుంది. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్ళు ఉప్పు జోలికి వెళ్ళకుండా డాక్టర్‌ని అడగండి. బీపీ మాత్రల డోసు మార్చాల్సిన అవసరం కూడా ఉండొచ్చు.

ఇక మొదటి భోజనం. ఆగినంతసేపు ఆగి, తీరా నాలుగు ఇడ్లీలో ఉప్మానో తింటే, సాయంత్రం నాలుగింటికి చేతులు డబ్బాల వైపు వెళ్తాయి. ఈ పూట 25 నుంచి 30 గ్రాముల ప్రోటీన్ పడాలి. రెండు గుడ్లకి 12 గ్రాములు. 30 గ్రాముల కందిపప్పుతో చేసిన ముద్దపప్పుకి 6 నుంచి 7. ముప్పావు గ్లాసు పెరుగు, అంటే 150 గ్రాములకి 5. 75 గ్రాముల బియ్యం వండిన అన్నానికి మరో 5. దానికి ఒక పెద్ద గిన్నెడు బెండకాయో బీరకాయో, ఏ కూరైనా. గుడ్డు తిననివాళ్ళకి పెసరట్టు మంచిది. 60 గ్రాముల పెసలకి 14 గ్రాముల ప్రోటీన్ వస్తుంది, పెరుగుతో 5, గుప్పెడు వేరుశనగపప్పు చట్నీతో ఇంకో 7. ఉప్మా పెసరట్టు అయితే ఉప్మా సగానికి తగ్గించండి, మానేయమని చెప్పే ధైర్యం లేదు. సాయంత్రం అయిదింటికి గుప్పెడు వేయించిన శనగలు. రాత్రి ఎనిమిదింటికి మరీ ఆకలితో కూర్చోకుండా ఇది కాపాడుతుంది.

రాత్రి షిఫ్టులవాళ్ళకి గడియారం లెక్క వేరు. హైదరాబాద్‌లో అమెరికా టైమ్‌కి పనిచేసి, తెల్లవారి నాలుగింటికి పడుకుని పదకొండింటికి లేచేవాళ్ళయితే, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి తొమ్మిది, పది మధ్య తినడం ముగించండి. అర్ధరాత్రి క్యాంటీన్ బ్రేక్‌లో బ్లాక్ టీ చాలు. సెలవు రోజుల్లో పూర్తిగా పగటి టైమ్‌కి మారిపోతే సోమవారం మళ్ళీ మొదటికొస్తుంది. కనీసం మొదటి భోజనం వేళ మార్చకండి.

పెళ్ళి వచ్చిందనుకోండి. విందు రాత్రి 10:30కి ముగిసింది. మర్నాడు శిక్షగా 20 గంటలు మాడకండి, ఆ శిక్షే మళ్ళీ రాత్రి అతిగా తినిపిస్తుంది. 12 గంటలు లెక్కపెట్టుకుని పొద్దున 10:30కి తినండి, రాత్రి 8:30కి ముగించండి. తిరిగి దారిలో పడటానికి ఒక్క రోజు చాలు.

ఇంకో పనికొచ్చే పద్ధతి, పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చింది. "తక్కువ తింటాను" అనే తీర్మానం కాకుండా, "ఇలా జరిగితే ఇలా చేస్తాను" అని ముందే రాసిపెట్టుకోవడం. "రాత్రి 8:30 తర్వాత ఎవరైనా స్వీటిస్తే, డబ్బాలో పెట్టి రేపు భోజనం చివర తింటాను." "ఇంట్లోవాళ్ళు ఆలస్యంగా తింటుంటే, పళ్ళు తోముకుని వచ్చి జీలకర్ర నీళ్ళతో పక్కన కూర్చుంటాను." మూడు చాలు, ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఉగాది నుంచి మొదలుపెడదాం అనే ఆలోచన వస్తే జాగ్రత్త. మంచిరోజు ఊపునిస్తుంది, నిజమే. కానీ అది మూడు రోజులకన్నా దూరంలో ఉంటే, ఆ రోజు వరకు తినడానికి అనుమతి పత్రం అవుతుంది.

ఒక నిజం కూడా వినండి. 16 అనే అంకెలో మంత్రం లేదు. 2020లో అమెరికాలో 116 మందితో చేసిన 12 వారాల పరీక్షలో, 16:8 చేసినవాళ్ళకీ మూడు పూటలా తిన్నవాళ్ళకీ బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2022లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 139 మందితో ఏడాదిపాటు చేసిన పరీక్షలో, టైమ్ కట్టడి ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ క్యాలరీలు ఒకేలా తగ్గిస్తే, ఆ కట్టడి వల్ల అదనపు లాభం తేలలేదు. రాత్రి చిరుతిళ్ళు ఆగితే లాభం, అంతే. కాబట్టి 16 దగ్గర మూడుసార్లు జారిపోయినవాళ్ళు 13 దగ్గరే ఉండిపోయినా నష్టం లేదు. ఆటోఫజీ (కణం తన పాత భాగాలని తానే కరిగించి మళ్ళీ వాడుకోవడం) కోసం ఇన్ని గంటలు ఉండాల్సిందే అని ఎవరైనా భయపెడితే, దాని మీద పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి 2016లో నోబెల్ తెచ్చిపెట్టిన ప్రయోగాలు ఈస్ట్ కణాల మీద జరిగాయని గుర్తుపెట్టుకోండి. మీ ఒంట్లో అది ఎన్నో గంటకి మొదలైందో ఇంట్లో కొలిచే పరికరం లేదు.

కొలవగలిగింది నడుము. టైలర్ టేపుతో, పొద్దున ఏమీ తినకముందు, బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక, వారానికి ఒక్కసారి. మనవాళ్ళలో మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడాలని లెక్క.

ఈ రాత్రి ఒకటే పని. చివరి ముద్ద తిన్న టైమ్ క్యాలెండర్‌లో ఈ తేదీ గడిలో రాయండి, దానికి 12 కలిపి రేపటి గడిలో రాయండి. అలారం మాత్రం పొద్దున టైమ్‌కి కాదు, రేపు రాత్రి 7:45కి పెట్టుకోండి. కుక్కర్ పెట్టాల్సిన వేళ అది.