కూర్చునేవాడి జాకెట్: చలిలో డీర్ హంటింగ్‌కి ఏం కొనాలి

నమస్కారం అండీ. అమెరికాలోని విస్కాన్సిన్‌లో థ్యాంక్స్‌గివింగ్ ముందు వచ్చే శనివారం నుంచి తొమ్మిది రోజుల గన్ డీర్ సీజన్, అంటే తుపాకీతో లేళ్ళని వేటాడే కాలం, మొదలవుతుంది. ఈమధ్య మనవాళ్ళలో కూడా ఆఫీసులో తోటివాళ్ళతో కలిసి అడవికి వెళ్ళేవాళ్ళు కనిపిస్తున్నారు. వాళ్ళు ముందు అడిగేది తుపాకీ గురించి కాదు, జాకెట్ గురించి. "బాగా వెచ్చగా ఉండేది ఒకటి చెప్పన్నా" అంటారు. వెచ్చగా ఉండాలి, సరే. కానీ ఎప్పుడు వెచ్చగా ఉండాలి? ఈ వీడియో అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

దానికంటే ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో. ఇండియా నుంచి చూస్తున్నవాళ్ళు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర వేట నేరం. ఇది ఇక్కడ లైసెన్స్ తీసుకుని వెళ్ళేవాళ్ళ కోసం చేసిన వీడియో. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కావాలి. ఎఫ్1, హెచ్1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి అందులో మినహాయింపు ఉంది, అయినా అడుగు వేసేముందు లాయర్‌ని అడగండి. ఇమ్మిగ్రేషన్‌తో ఆటలొద్దు.

ఇక జాకెట్‌కి వద్దాం. ఇక్కడ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చొచ్చు. అంటే చీకట్లోనే కారు దిగి, వీపు మీద బ్యాగు, భుజాన తుపాకీ, కింద మంచు, అలా నడుచుకుంటూ వెళ్ళి స్టాండ్, అంటే వేటగాడు కూర్చోవడానికి చెట్టుకి కట్టిన సీటు, ఎక్కాలి. ఎక్కాక మూడు నాలుగు గంటలు కదలకూడదు. కూర్చున్న మనిషి ఒంట్లోంచి వచ్చే వేడి సుమారు 100 వాట్లు, మన పాతకాలం బల్బు ఒకటి వెలిగినంత. అదే మనిషి బరువుతో మంచులో నడుస్తుంటే అంతకి నాలుగైదు రెట్లు వేడి పుడుతుంది. షాపులో తొడుక్కుని "అబ్బ, ఎంత వెచ్చగా ఉందో" అనుకున్న ఆ జాకెట్‌తోనే ఈ నడకంతా నడిస్తే, స్టాండ్ చేరేసరికి లోపలి బనియను పిండితే నీళ్ళు కారతాయి. తర్వాత ఆ చెమటే చల్లబడి వెన్నులోంచి వణుకు తెప్పిస్తుంది. అప్పుడు పైన ఎంత ఖరీదైన జాకెట్ ఉన్నా పెద్దగా ఉపయోగం ఉండదు.

అందుకే నేను చెప్పేది, ఇది వేసుకుని నడిచే జాకెట్ కాదు, మోసుకెళ్ళి అక్కడ వేసుకునే జాకెట్. నడిచేటప్పుడు ఒంటికి ఆనుకుని మెరీనో ఉన్ని గానీ పాలిస్టర్ గానీ బేస్ లేయర్, పైన పల్చటి ఫ్లీస్, అంతే. కారు దిగిన మొదటి ఐదు నిమిషాలు కాస్త చలేస్తే సరిగ్గా వేసుకున్నట్టు లెక్క. కాటన్ మాత్రం ఒంటి మీద ఏదీ వద్దు. టీషర్ట్, హుడీ, లోపలి బనియను కూడా. కాటన్ చెమట పీల్చుకుని ఆరనివ్వదు. స్టాండ్ దగ్గరికి వెళ్ళాక ఊపిరి కుదుటపడనివ్వండి, తర్వాత బ్యాగులోంచి జాకెట్ తీసి అన్నిటి మీదా తొడుక్కోండి.

ఇలా అనుకుంటే కొనేటప్పుడు సగం గందరగోళం పోతుంది. సైజు మామూలుగా వేసుకునేదానికంటే ఒకటి పెద్దది తీసుకోవాలి, కింద లేయర్లు ఉంటాయి కాబట్టి. బిగుతుగా ఉంటే లోపలి గాలి నలిగిపోతుంది, వెచ్చదనం ఆ నిలిచి ఉన్న గాలిదే. బ్యాగులో పట్టాలి. రెండు చేతులకీ గ్లౌజులు ఉండగా జిప్ లాగగలగాలి.

ఇప్పుడు లోపల నింపేది, డౌనా సింథటిక్కా? డౌన్ అంటే బాతుల రొమ్ము మీద ఉండే మెత్తటి నూగు. అమెరికాలో దీనికో కథ ఉంది. సియాటెల్‌లో ఎడ్డీ బాయర్ అనే ఆయన చలికాలంలో చేపలు పట్టడానికి వెళ్ళి, ఉన్ని బట్టలు తడిసిపోయి, చలికి ప్రాణం మీదకి తెచ్చుకున్నాడు. ఆ తర్వాతే నూగు నింపి గళ్ళుగళ్ళుగా కుట్టిన జాకెట్ తయారుచేసి, 1940లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. బరువు తక్కువ, చిన్నగా మడత పడుతుంది, వెచ్చదనంలో దానికి తిరుగులేదు. చిక్కల్లా తడితోనే. తడిస్తే నూగు ఉండకట్టి గాలిని పట్టి ఉంచలేదు. అమెరికా సైన్యానికీ ఈ ఇబ్బందే వచ్చింది. తడిసినా పనిచేసేది కావాలని 1980లలో ఆల్బనీ ఇంటర్నేషనల్ అనే కంపెనీని అడిగితే, అక్కడ పుట్టిందే ప్రైమాలాఫ్ట్. ఇప్పుడు చాలా సింథటిక్ జాకెట్ల లేబుల్ మీద కనిపించే పేరు అదే.

డౌన్ జాకెట్ లేబుల్ మీద 600, 700, 800 అని పెద్ద అక్షరాలతో వేస్తారు. దాన్ని ఫిల్ పవర్ అంటారు. ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల నూగు ఎన్ని క్యూబిక్ అంగుళాల జాగా నింపుతుందో ఆ అంకె చెబుతుంది. అది నూగు నాణ్యత, జాకెట్ వెచ్చదనం కాదు. ఎంత నూగు నింపారన్నది ఇంకో అంకె, అది చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. లెక్క వేసి చూడండి: 800 ఫిల్ నూగు 3 ఔన్సులు నింపితే 2,400 క్యూబిక్ అంగుళాలు. 600 ఫిల్ నూగు 6 ఔన్సులు నింపితే 3,600. రేటు తక్కువ ఉన్న రెండోదే ఎక్కువ వెచ్చగా ఉంటుంది, కాకపోతే బరువు కాస్త ఎక్కువ. సేల్స్‌మన్ 800 చూపించి మురిసిపోతుంటే "లోపల ఎన్ని ఔన్సులు?" అని అడగండి. చెప్పలేకపోతే నవ్వేసి ముందుకెళ్ళండి.

సింథటిక్‌కి లెక్క వేరు, చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో రాస్తారు. 60 అంటే నడకకి సరిపోయే పల్చన. కూర్చోవడానికైతే కనీసం 133, వీలైతే 150 నుంచి 200 చూడండి. చాలా జాకెట్లలో ఒంటి దగ్గర ఒక మందం, చేతుల దగ్గర తక్కువ మందం ఉంటుంది, అదేం మోసం కాదు. నా ఓటు మొదటి జాకెట్‌కి సింథటిక్‌కే. నవంబర్‌లో ఇక్కడ పొడి మంచు మాత్రమే పడదు, తడి మంచు, సన్నటి వాన, అన్నీ పడతాయి. చెమట ఎలాగూ ఉండనే ఉంటుంది.

లంబసింగిలో సున్నా దగ్గరికి వస్తే మన టీవీల్లో వార్త. ఇక్కడ ఉత్తరాన నవంబర్ చివర్లో పొద్దున్నే మైనస్ పది వింతేమీ కాదు. దానికి గాలి కలిస్తే ఇంకో కథ. మైనస్ 18 సెల్సియస్ ఉన్నప్పుడు గంటకి 24 కిలోమీటర్ల గాలి వీస్తే, ఒంటికి అది మైనస్ 28. స్టాండ్ నేల మీద ఉండదు కదా, పైన కొమ్మల మధ్య గాలి సూటిగా తగులుతుంది. కాబట్టి గాలి ఆపే పొర ఉందా లేదా అన్నది తప్పక చూడాలి. పూర్తి వాటర్‌ప్రూఫ్ మాత్రం అక్కర్లేదు అంటాను నేను. దానివల్ల రేటు పెరుగుతుంది, చప్పుడు కూడా పెరుగుతుంది.

ఈ చప్పుడు సంగతి కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పరు. ఇది వినండి. మైక్ దగ్గర పెడుతున్నాను. ఇది మనందరి ఇళ్ళలో ఉండే నల్లటి పార్కా, డ్రైవ్‌వేలో మంచు తవ్వేటప్పుడు వేసుకునేది. చేతిని పక్కటెముకలకి రాస్తున్నా... వినపడిందా, చర్ర్‌మని? ఇప్పుడు ఇది, పైన బ్రష్ చేసిన ఫ్లీస్ ముఖం ఉన్నది. అలాగే రాస్తున్నా... ఏమీ లేదు. గాలి లేని పొద్దున లేడి ముప్పై గజాల దూరంలో ఉండి, మీరు తుపాకీ పైకెత్తినప్పుడు ఆ చర్ర్ వినపడితే ఇక అది అక్కడ ఉండదు. షాపులో జాకెట్ పట్టుకోగానే స్లీవ్ మీద గోరుతో గీరి చూడండి. ఇంకో మాట, నైలాన్ జాకెట్ ఏసీ గదిలో ఉన్నంత మెత్తగా చలిలో ఉండదు, బిగుసుకుని ఇంకా చప్పుడు చేస్తుంది. ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ గళ్ళ ఉన్ని కోట్లు వదలకపోవడానికి ఇదే కారణం. ఉన్ని బరువే, కానీ మూగది.

ఆ ఎర్ర గళ్ళ కోటు ఒక్కటే వేసుకుని వెళ్తే మాత్రం ఇప్పుడు కుదరదు. నడుము పైన కనిపించే బట్టలో సగానికి తగ్గకుండా బ్లేజ్ ఆరెంజ్, అంటే కళ్ళు జిగేల్మనే నారింజ రంగు, ఉండాలి, లేదా 2016 నుంచి ఒప్పుకున్న ఫ్లోరసెంట్ పింక్. టోపీ పెట్టుకుంటే దానికీ అదే లెక్క. లేడికి ఆరెంజ్ మనకి కనిపించినట్టు కనిపించదు, ఎరుపు వైపు రంగులు దాని కంటికి ఆనవు. నీలం మాత్రం బాగా కనిపిస్తుంది. అందుకే నేవీ బ్లూ జాకెట్ మీద డిస్కౌంట్ ఎంతున్నా వదిలేయండి. కామో, అంటే అడవిలో కలిసిపోయే ఆకుల డిజైన్ జాకెట్ కొంటే పైన ఆరెంజ్ వెస్ట్ వేసుకోవచ్చు, కానీ ఆ వెస్ట్ ఈ లావు జాకెట్ మీద పట్టేంత పెద్దది అయ్యుండాలి.

ఇప్పుడు చాలామంది చూడని చోటు, వీపు. ట్రీ స్టాండ్ మీద హార్నెస్, అంటే కింద పడకుండా ఒంటికి బిగించి పట్టీతో చెట్టుకి కట్టుకునే బెల్టులు, లేకుండా కూర్చోవద్దు, ఇందులో బేరం లేదు. హార్నెస్‌ని జాకెట్ పైన బిగిస్తే లోపలి ఇన్సులేషన్ నలిగి అక్కడక్కడా చలి దూరుతుంది. జాకెట్ కింద వేసుకుంటే ఆ పట్టీ బయటికి రావడానికి దారి కావాలి. ఇదిగో, మెడ కింద ఈ చిన్న చీలిక, దీనికి జిప్ కూడా ఉంది. మామూలు చలికోట్లలో ఇది ఉండదు. నా లెక్కలో హంటింగ్ జాకెట్ అని ఎక్కువ డబ్బులు పెట్టడానికి తగిన కారణాలు రెండే, ఈ చీలిక, ఆ మూగతనం.

షాపులో అద్దం ముందు నిలబడి చూసుకుంటే సరిపోదు. కుర్చీలో కూర్చోండి. తుపాకీ ఎత్తినట్టు చేతులు పెట్టండి. నడుము దగ్గర జాకెట్ పైకి లేచి చర్మం కనిపిస్తుందా? చెంప ఆనించేటప్పుడు కాలర్ అడ్డం వస్తుందా? భుజం దగ్గర మందం పెరిగితే అక్కడ ఆనే తుపాకీ మడమ దూరంగా జరిగి స్కోప్ కంటికి సరిగ్గా కుదరదు. అందుకని సీజన్ ముందు రేంజికి వెళ్ళినప్పుడు ఇదే జాకెట్ వేసుకుని నాలుగు గుళ్ళు కాల్చి చూడండి. విల్లుతో వెళ్ళేవాళ్ళకి ఇంకో సమస్య, లావు స్లీవ్ తాడుకి తగులుతుంది. వాళ్ళు లావు వెస్ట్ వేసుకుని చేతులకి పల్చటిది ఉంచుకుంటే మేలు. బ్యాటరీ హీటెడ్ జాకెట్లు? చలిలో బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, దాన్నే నమ్ముకుని వెళ్ళకండి.

వాతావరణం బాగుంది కదా అని జాకెట్ కారులో వదిలేసేవాళ్ళున్నారు. 1940 నవంబర్ 11న మిన్నెసోటాలో పొద్దున్న ఎండ హాయిగా ఉందని బాతుల వేటగాళ్ళు పల్చటి బట్టలతో మిసిసిపీ నది లంకల్లోకి వెళ్ళారు. మధ్యాహ్నానికి గాలి తిరిగి మంచు తుఫాను ముంచుకొచ్చింది. ఆ తుఫానులో మొత్తం 140 మందికి పైగా పోయారు, ఒక్క మిన్నెసోటాలోనే 49 మంది, వాళ్ళలో సగం దాకా వేటగాళ్ళే. ఫోన్‌లో వెదర్ యాప్ ఉన్నా సరే, జాకెట్ బ్యాగులోనే ఉండాలి.

బ్రాండ్లు చెప్పమంటారు. సిట్కా, ఫస్ట్ లైట్, కుయు బాగుంటాయి, రేట్లు కూడా అలాగే ఉంటాయి. సీజన్‌కి రెండు మూడు రోజులు వెళ్ళేవాళ్ళకి అంత అవసరం లేదు. పైన చెప్పినవి ఉన్న మామూలు జాకెట్ చాలు, మిగిలిన డబ్బు బూట్ల మీద పెట్టండి.

ఉతికేటప్పుడు బ్రైటెనర్ ఉన్న డిటర్జెంట్ వాడొద్దు, అది వదిలే నీలపు మెరుపు లేడి కంటికి తెలుస్తుంది. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలే వద్దు. డౌన్ అయితే తక్కువ వేడి మీద డ్రయ్యర్‌లో రెండు టెన్నిస్ బంతులతో కలిపి తిప్పండి, ఉండలు విడిపోతాయి. బ్యాగులో కుక్కి ఏడాదంతా ఉంచకుండా హ్యాంగర్‌కి తగిలించండి. ఇంకా కొననివాళ్ళు, ఈ ఏడు ఎవరిదైనా అడిగి తీసుకుని వెళ్ళగలిగితే అలాగే వెళ్ళండి. సీజన్ అయిపోయాక జనవరి, ఫిబ్రవరిలో షాపులవాళ్ళు వీటిని తగ్గించి అమ్ముతారు. అప్పటికి మీడియం, లార్జ్ సైజులు ముందు అయిపోతాయి కాబట్టి జనవరి మొదటి వారంలోనే చూసుకోండి.