ముందు పొట్టివాళ్ళని పిలవండి

వేదిక మీదున్న పెద్దలకూ, ఎండలో కూర్చున్న పిల్లలకూ నమస్కారం. పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. అవన్నీ చదివితే మ్యాచ్ మొదలయ్యేసరికి చీకటి పడిపోతుంది. అందర్నీ పేరుపేరునా తలుచుకున్నాననే అనుకోండి.

కొత్త ఫుట్‌బాల్ గోల్‌పోస్టులు ప్రారంభించి రెండు మాటలు చెప్పమన్నారు. ఇనుప పోస్టులు, నైలాన్ వల, చాలా బాగున్నాయి. మా రోజుల్లో రెండు వెదురు బొంగులు పాతి పైన తాడు కట్టేవాళ్ళం. బంతి తాడు కిందనుంచి పోయిందా, పైనుంచి పోయిందా అన్న తగవుతోనే సగం మ్యాచ్ అయిపోయేది. రూలు ప్రకారం పైన అడ్డబద్ద 2.44 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఆ ఎత్తు గోలుకి. ఆడేవాడు ఎంత ఎత్తుండాలో ఏ రూల్లోనూ లేదు. నేను చెప్పడానికొచ్చింది అదే.

ఇదే స్కూల్లో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు ప్రేయర్‌లో వరసకి మొదట నేనే నిలబడేవాణ్ణి. లీడర్ని కాబట్టి కాదు, పొట్టివాణ్ణి కాబట్టి. టీమ్ జెర్సీ వేసుకుంటే మోకాళ్ళు దాటేది. "గౌనేసుకొచ్చేడ్రా గుంటడు!" అని అవతలి జట్టువాళ్ళు ఒకటే నవ్వు. మా డ్రిల్లు మాస్టారు మాత్రం నన్ను రైట్ అవుట్‌లో, అంటే ముందు వరసలో కుడి అంచున పెట్టి, "ఒరే, బంతి నీకాడికొచ్చాక ఆలోసిస్తే తొక్కీసి పోతారు. రాకముందే ఎటు తన్నాలో సూసుకో" అనేవారు. ఆ ఒక్క మాటతో నా ఆట నిలబడింది. బలమున్నవాడు గుద్దుకుని వెళ్ళిపోతాడు, వాడికి చూడాల్సిన పని లేదు. రెండు మూడేళ్ళకి మిగతావాళ్ళూ వాడంత ఎదిగాక, వాడి దగ్గర చూపూ ఉండదు, ఆటా ఉండదు.

పన్నెండేళ్ళలోపు పిల్లలకి 4వ సైజు బంతి ఉంటుందని మాకు తెలియదు. ఉన్నది ఒకటే బంతి, అది పెద్దవాళ్ళ 5వ సైజు. పొడిగా ఉన్నప్పుడే 410 నుంచి 450 గ్రాములు. వానల్లో ఆ తోలు బంతి నీళ్ళు తాగాక తలతో కొడితే మెడ నరాలు జివ్వుమనేవి.

మాకు ఎదురుగా బ్యాక్ ఆడిన ఒకతను మ్యాచ్‌కి గడ్డం గీసుకొచ్చాడు. సర్టిఫికెట్‌లో పద్నాలుగు నిండలేదు! నవ్వకండి. ఇక్కడున్న పెద్దవాళ్ళలో రికార్డు ప్రకారం జూన్ ఒకటిన, జులై ఒకటిన పుట్టినవాళ్ళు చేతులెత్తండి. చూశారా! బళ్ళో చేర్చుకున్న మాస్టారు మొహం చూసి రాసిందే మన పుట్టినరోజు. ఆ తేదీ పట్టుకునే అండర్ ఫోర్టీన్ అంటున్నాం. అండర్ సెవెంటీన్ ప్రపంచ కప్పులో 2009 నుంచి ఫుట్‌బాల్ ప్రపంచ సంస్థ ఫిఫా వాళ్ళు మణికట్టుకి ఎంఆర్ఐ తీసి, ఎముకని బట్టి వయసు చూస్తున్నారు. మనకి అంత అక్కర్లేదు, గడ్డం చూస్తే చాలు.

అసలు బాధకి వస్తాను. జిల్లా సెలక్షన్స్‌కి వెళ్ళాను. ఎక్కడ, ఎవరు అన్నది ఇప్పుడెందుకు? అందర్నీ వరసగా నిలబెట్టి, ఒకాయన చేతికర్రతో ఎత్తు చూసుకుంటూ పోయాడు. కర్రకి తక్కువున్నవాళ్ళం పక్కకి. చెట్టు కింద కూర్చోబెట్టి, పెద్దవాళ్ళ సంచులు కాపలా కాయమన్నారు. బంతి ముట్టనివ్వలేదు. ఆడించి, "నీకు రాదు పో" అనుంటే ఇంటికెళ్ళి మర్చిపోయేవాణ్ణి. బంతి ముట్టనివ్వలేదండీ!

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆటంటే బలమనే లెక్క. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు ఏనుగుని రొమ్ము మీద ఎక్కించుకున్న గడ్డ ఇది. నెల్లిమర్ల పక్కనే కొండవెలగాడ, ఊరంతా వెయిట్‌లిఫ్టర్లే. ఆమదాలవలస ప్రాంతం నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఏ విభాగంలో? 69 కిలోల విభాగంలో. అంటే బలమే ఆటైన చోట కూడా బరువు చూసి, సమానమైనవాళ్ళ మధ్యే పోటీ పెడతారు. ఫుట్‌బాల్‌లో మాత్రం ముప్ఫై కిలోల పిల్లాణ్ణి అరవై కిలోలవాడి మీదికి తోలి, పడిపోతే వీడు పనికిరాడంటాం. ఇంగ్లండు అకాడమీల్లో పిల్లల్ని పుట్టిన తేదీతో కాకుండా ఎదుగుదలని బట్టి జట్లు చేసి కూడా ఆడించి చూశారు.

మెస్సీ లేడా అంటారు మీరు. ఉన్నాడు. ఎదుగుదల హార్మోను తక్కువైన ఆ పిల్లాడికి బార్సిలోనాలో ముందు చోటిచ్చారు, వైద్యం చేయించారు. మనం ముందు ఎత్తడుగుతున్నాం.

హెడ్మాస్టారు గడియారం చూస్తున్నారు. పీఈటీ మాస్టారూ, ఒక్క మనవి. నా కారు డిక్కీలో 4వ సైజు బంతులున్నాయి, ఎవరైనా వెళ్ళి తీసుకురండి. ఇప్పుడు జట్లు వేసేటప్పుడు వరస చివర్నుంచి కాదు, మొదట్నుంచి పిలవండి. ఆరో తరగతివాళ్ళని, ఆడపిల్లల్ని కూడా. తొమ్మిది, పదో తరగతుల పొడుగు బాబులు రెండో హాఫ్‌లో దిగుతారు. అందాకా సంచులు వాళ్ళు చూస్తారు.