పాత కుట్టు మిషన్లు, పాత పనిముట్లు: శ్రోతల ప్రశ్నలకు మెకానిక్ జవాబులు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. అటక మీద ఉండిపోయిన పాత పనిముట్లను, సంతలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న సామానును బాగుచేసి మళ్లీ పనిలో పెట్టుకోవడం గురించి ఈరోజు మాట్లాడుకుందాం. కుట్టు మిషన్లు, వడ్రంగి సామాను మరమ్మతు చేయడంలో చాలా కాలంగా అనుభవం ఉన్న మెకానిక్ మన స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ తెనాలి నుంచి వచ్చింది. చెప్పండి.

శ్రోత (తెనాలి): నమస్కారమండి. మా తాతగారు వడ్రంగి. ఆయన వాడిన ఉలులు, బాడిస, రెండు చిత్రికలు పెట్టెలోనే ఉండిపోయి బాగా తుప్పుపట్టాయి. చిత్రికల్లో ఒకటి టేకుది, రెండోది స్టాన్లీ అని పేరున్న ఇనుపది. గ్రైండర్‌కు తీగల బ్రష్షు బిగిస్తే తుప్పంతా ఒక్క పూటలో రాలిపోతుందని మా పక్కింటాయన అంటున్నారు. అలా చేయవచ్చా?

నిపుణుడు: వద్దు బాబూ, గ్రైండర్ జోలికి మాత్రం వెళ్లకండి. తీగల బ్రష్షు తుప్పుతో పాటు తయారీదారు కొట్టిన ముద్రను, అంచుల నిటారుతనాన్ని కూడా తీసుకుపోతుంది. గ్రైండర్ ఎలాగూ బయట పెట్టాం కదా అని ఉలికి దాని మీదే పదును పెట్టబోతారు, అసలు నష్టం అప్పుడు జరుగుతుంది. ఉలి అంచు నీలం రంగుకు తిరిగిందంటే దానికి సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలిందని, ఆ మేరకు ఉక్కు మెత్తబడిపోయిందని అర్థం. ఆ నీలం భాగాన్ని మొత్తం అరగదీసి పారేస్తే తప్ప ఇక పదును నిలవదు. పిడులు ఊడదీసి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి, ప్లాస్టిక్ తొట్టిలో ఇనుమును మాత్రమే ముంచండి. గంటకొకసారి తీసి పాత టూత్ బ్రష్షుతో రుద్ది చూడండి, రాత్రంతా వదిలేస్తే ఆ నీరు తుప్పును వదిలి ఇనుమునే తినడం మొదలుపెడుతుంది. తుప్పు వదిలాక తినే సోడా కలిపిన నీటితో కడిగి, వెంటనే పొడిగా తుడిచి, నూనె పట్టించండి. కడిగి ఆరేసి భోజనానికి వెళ్లారంటే వచ్చేసరికి కొత్త తుప్పు కనిపిస్తుంది.

శ్రోత (తెనాలి): మరి చిత్రికల సంగతి ఏమిటండి?

నిపుణుడు: ఇనుప చిత్రికను విప్పి, నోటి దగ్గర, అంటే పదునైన ఆకు బయటికి వచ్చే చీలిక మూలల్లో, పగుళ్లు ఉన్నాయేమో ముందుగా చూడండి. కిందపడినప్పుడు పోత ఇనుము పగిలేది ఎక్కువగా అక్కడే. ఆ రకం చిత్రికను లియొనార్డ్ బెయిలీ అనే అమెరికన్ రూపొందించగా, స్టాన్లీ సంస్థ 1869లో ఆయన హక్కులను కొనుక్కుంది. అప్పటినుంచి నమూనా పెద్దగా మారలేదు కాబట్టి, పోయిన భాగాన్ని అదే కొలతలో ఉన్న మరొక పాత చిత్రిక నుంచి తెచ్చి వేసుకోవచ్చు. కానీ దాని స్క్రూలను మాత్రం పారేసుకోకండి, వాటి మరలు మన దుకాణాల్లో దొరికే మెట్రిక్ స్క్రూలకు కలవవు. టేకు చిత్రికను నీటిలో ముంచకుండా తుడిచి, పలచగా అవిసె నూనె పట్టించండి. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేశారంటే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి కాబట్టి, వాటిని ఆరుబయట విడివిడిగా పరచి ఆరనివ్వండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాతి ఫోన్ కరీంనగర్ నుంచి.

శ్రోత (కరీంనగర్): నమస్తే సార్. మా ఇంట్లో తొక్కుడు మిషన్ ఉంది, సింగర్ మిషన్. అది మా అత్తమ్మది, అత్తమ్మకు వాళ్ల అమ్మ ఇచ్చిందట. ఆమె పోయిన తర్వాత దాని మీద టీవీ పెట్టాం, టీవీ గోడకు ఎక్కిన తర్వాత పూలకుండీ పెట్టాం. ఇప్పుడు మా పాప టైలరింగ్ నేర్చుకుంటోందని బయటికి తీశాం. కుడితే పైన బాగానే ఉంటుంది కానీ కిందంతా ఉచ్చులు ఉచ్చులుగా దారం గుట్టపడుతోంది. మా వీధి చివర ఒకతను చూసి, సూది కింద దారాన్ని పట్టి కుట్టు వేసే షటిల్ పోయింది, మార్చాలన్నాడు. షటిల్ మార్చమంటారా? మోటారు కూడా పెట్టిస్తే ఎట్లా ఉంటుంది సార్? అసలు దాని ధర ఎంత ఉంటుంది?

నిపుణుడు: ఒక్కొక్కటిగా చూద్దాం అమ్మా. మిషన్ ఇప్పుడు మీ ఎదురుగా ఉందా?

శ్రోత (కరీంనగర్): ఉంది సార్, దాని ముందే కూర్చున్నాను.

నిపుణుడు: చాలా మంచిది. చక్రాన్ని చేతితో మీ వైపుకు తిప్పండి. తేలికగా తిరుగుతోందా, బరువుగా తిరుగుతోందా?

శ్రోత (కరీంనగర్): బరువుగానే ఉంది సార్. మొన్ననే నూనె కూడా వేశాను.

నిపుణుడు: ఏ నూనె వేశారు?

శ్రోత (కరీంనగర్): కొబ్బరి నూనె సార్. అత్తమ్మ కూడా అదే వేసేది.

నిపుణుడు: అనుకున్నాను. అమ్మా, వింటున్న వారందరికీ కూడా చెబుతున్నాను, కుట్టు మిషన్‌కు కొబ్బరి నూనె వేయకండి. అది చలికాలంలో గడ్డకడుతుంది, రోజులు గడిచే కొద్దీ దుమ్ముతో కలిసి జిగురుగా మారి కీళ్లను పట్టేస్తుంది. నా దగ్గరికి పాడైపోయిందంటూ వచ్చే మిషన్లలో చాలా వాటికి విరిగిన భాగం ఒక్కటీ ఉండదు, ఉండేది ఈ జిగురే. మీరు చేయవలసింది ఏమిటంటే, పొయ్యికి, దీపానికి దూరంగా వరండాలో కూర్చుని, దారం లేకుండా, నూనె రంధ్రాలన్నింటిలో రెండేసి చుక్కల కిరోసిన్ వేసి, చక్రాన్ని కాసేపు తిప్పి, రాత్రంతా అలాగే ఉంచి, మర్నాడు కారిన మురికిని గుడ్డతో తుడవండి. చక్రం తేలికపడే వరకు మళ్లీ మళ్లీ అలాగే చేసి, చివరకు కుట్టు మిషన్ నూనె ఒక్కో చుక్క వేయండి. కిరోసిన్ కడగడానికే గాని నడపడానికి కాదు కాబట్టి, ఆ చివరి నూనె మరిచిపోకూడదు.

శ్రోత (కరీంనగర్): సరే సార్. నల్ల రంగు మీద బంగారు పూలు ఉన్నాయి, అవి మసకబారాయి. స్పిరిట్‌తో తుడిస్తే మెరుస్తాయని మా పాప అంటోంది.

నిపుణుడు: వద్దు, స్పిరిట్ వద్దే వద్దు. ఆ పూల మీద లక్కతో చేసిన పలచని పూత ఉంటుంది, స్పిరిట్ తగిలితే అది కరిగిపోయి పూలు గుడ్డకే వచ్చేస్తాయి. మిషన్ నూనెలో తడిపిన మెత్తని గుడ్డతో నిదానంగా తుడవండి, మెరుపు ఎంత వస్తే అంతే. మిషన్ ఇనుప పీఠం మీద కుడివైపు, స్తంభం మొదట్లో, నంబరు ఉంటుంది చూడండి. అది ఏ అక్షరంతో మొదలవుతోంది?

శ్రోత (కరీంనగర్): వై అని ఉంది సార్, తర్వాత అన్నీ అంకెలే.

నిపుణుడు: అయితే అది స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారంలో 1920లలోనో 1930ల తొలి సగంలోనో తయారైన మిషన్. ఆ కర్మాగారం 1980లో మూతపడింది.

శ్రోత (కరీంనగర్): అంటే నూరేళ్లదా సార్! అయితే ధర బాగానే పలుకుతుందేమో?

నిపుణుడు: పలకదు అమ్మా. అలాంటివి లక్షల సంఖ్యలో తయారయ్యాయి, ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. దాని విలువ అది కుట్టే కుట్టులోనే ఉంది.

శ్రోత (కరీంనగర్): మరి కింద ఉచ్చులు పడుతున్నాయి కదా సార్, షటిల్ మార్చాలా?

నిపుణుడు: అక్కడికే వస్తున్నాను. కింద ఉచ్చులు కనిపిస్తే అందరూ కింద ఉన్న షటిల్‌నే అనుమానిస్తారు, కానీ తప్పు చాలాసార్లు పైన ఉంటుంది. పై దారాన్ని బిగించి పట్టేవాళ్లు లేనప్పుడు అది వదులుగా కిందికి దిగి గుట్టపడుతుంది. పై దారాన్ని బిగించే టెన్షన్ దగ్గర రెండు గుండ్రని బిళ్లలు ఉన్నాయి కదా, దారం వాటి మధ్య నుంచి వెళ్తోందా, పైనుంచి వెళ్తోందా?

శ్రోత (కరీంనగర్): పైనుంచే వెళ్తున్నట్టుంది సార్. లోపలికి పోవడం లేదు.

నిపుణుడు: గుడ్డను నొక్కిపట్టే పాదం దించి ఉంచి దారం ఎక్కించి ఉంటారు. పాదం దిగినప్పుడు ఆ బిళ్లలు మూసుకుంటాయి. పాదాన్ని పైకి ఎత్తండి, దారం మొత్తం తీసేసి, బిళ్లల మధ్య పేరుకున్న పీచును ఒక గుడ్డ అంచుతో లాగేసి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించండి. సూదికి ఒకవైపు పొడవాటి గాడి ఉంటుంది, దారం ఎటునుంచి సూదిలోకి వెళ్తుందో ఆ గాడి అటువైపు ఉండాలి. ఆ తర్వాత పాదం దించి, దారాన్ని చేత్తో లాగి చూడండి.

శ్రోత (కరీంనగర్): ఒక్క నిమిషం సార్. ఆ, ఇప్పుడు బిగుతుగా వస్తోంది. ఇదివరకు ఊరికే వచ్చేది.

నిపుణుడు: రెండు మడతల పాత గుడ్డ పెట్టి, తొక్కకుండా చక్రం చేత్తోనే తిప్పుతూ కుట్టండి. చక్రం ఎప్పుడూ మీ వైపుకే తిరగాలి, వెనక్కి తిరిగితే దారం చిక్కుపడుతుంది.

శ్రోత (కరీంనగర్): చాలా తగ్గాయి సార్, అక్కడక్కడ ఒకటీ అరా పడుతున్నాయి. అయితే షటిల్ మార్చమంటారా?

నిపుణుడు: మార్చవద్దమ్మా. సూది కింది రేకును విప్పి చూడండి, గుడ్డను జరిపే పళ్ల సందుల్లో నూలు పీచు చాపలాగా పేరుకుని ఉంటుంది. దాన్ని సూదితో పెకలించి తీయండి. బాబిన్ కేసు మీది చిన్న స్క్రూను మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి, ముట్టుకోక తప్పకపోతే అది ఏ స్థానంలో ఉందో గీత గీసుకుని పావు చుట్టు మాత్రమే తిప్పండి. మోటారు అడిగారు కదా, జిగురు పట్టిన మిషన్‌కు మోటారు పెడితే ఆ బరువుకు మోటారు కాలిపోతుంది. తోలు బెల్టు జారుతుంటే పిన్ను తీసి, కొద్దిగా కోసి, మళ్లీ కలుపుకుంటే పని నడుస్తుంది. పాప కాలితో తొక్కుతూ నేర్చుకోవడమే మంచిది, కుట్టు వేగం తన అదుపులో ఉంటుంది.

శ్రోత (కరీంనగర్): చాలా థ్యాంక్స్ సార్. ఇంకొకటి, కింద ఇనుప కాళ్ల చట్రానికి రంగు వేయవచ్చా?

వ్యాఖ్యాత: అమ్మా, ఇంకా చాలామంది లైన్‌లో ఉన్నారు. నిజామాబాద్ నుంచి తర్వాతి శ్రోత.

శ్రోత (నిజామాబాద్): సార్, మా దగ్గర కూడా పాత సింగర్ మిషన్ ఉంది. దుబాయిలో ఉన్న మా బావ ఫోన్ చేసి, దాని సూది దగ్గర ఎర్ర పాదరసం ఉంటుంది, అమ్మితే లక్షలు వస్తాయి అన్నాడు. ఎవరికి అమ్మాలి?

నిపుణుడు: ఎవరికీ అమ్మకండి, ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. 2009లో సౌదీ అరేబియాలో ఇదే వదంతి లేచి, జనం పాత మిషన్ల కోసం ఎగబడ్డారు. అది వట్టి మోసమని అక్కడి అధికారులు అప్పుడే చెప్పారు. కుట్టు మిషన్‌లో ఉండేది పోత ఇనుము, ఉక్కు, అంతకు మించి ఏమీ లేదు. మిషన్ నడుస్తోందా?

శ్రోత (నిజామాబాద్): తెలియదు సార్, సెల్ ఫోన్ దగ్గర పెడితే సిగ్నల్ పోతే ఎర్ర పాదరసం ఉన్నట్టేనని మా బావ…

నిపుణుడు: సెల్ ఫోన్ పక్కన పెట్టి నూనె వేయండి. కొబ్బరి నూనె కాదు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. అనంతపురం నుంచి తర్వాతి ఫోన్.

శ్రోత (అనంతపురం): నమస్కారం. పాత ఇనుప సామాను దుకాణంలో, వస్తువులను దవడల మధ్య బిగించి పట్టే ఒక పెద్ద బెంచ్ వైస్ కొన్నాను. స్క్రూ పట్టేసింది, దవడలు కదలడం లేదు. సుత్తితో గట్టిగా కొడితే వదులుతుందా? బల్లకు బిగించే బోల్టు ఒకటి పోయింది, కొత్త బోల్టు రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది.

నిపుణుడు: సుత్తి పక్కన పెట్టండి. వైస్ ఒళ్లు చాలావరకు పోత ఇనుమే, అది వంగదు, పగులుతుంది. పగిలిన పోత ఇనుమును అతికించడానికి మామూలు వెల్డింగు పనికిరాదు, ముందుగా వేడిచేసి, నికెల్ కడ్డీతో అతికి, నెమ్మదిగా చల్లార్చగల పనివాడు కావాలి. కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ సమానంగా కలిపి, స్క్రూ లోపలికి దిగే చోట పోసి, రెండు మూడు రోజులు పోస్తూనే ఉండండి. ఆ తర్వాత పిడిని బిగించే వైపు ఇసుమంత, విప్పే వైపు ఇసుమంత తిప్పుతూ ఉంటే తుప్పు పొడిగా రాలి దారి ఇస్తుంది. విప్పే వైపే బలం పెడితే పిడి వంగుతుంది గాని స్క్రూ కదలదు.

ఇక బోల్టు సంగతి చెబుతాను. మీ వైస్ మెట్రిక్ కొలతలు రాకముందుది అయి ఉంటుంది. అప్పట్లో మన దేశంలో చాలా యంత్రాలకు ఆంగ్ల ఇంజినీరు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మరలే ఉండేవి. వాటి కోణం 55 డిగ్రీలు, నేటి మెట్రిక్ మరల కోణం 60 డిగ్రీలు. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 మరలు ఉంటాయి, అమెరికన్ పద్ధతిలో అదే లావు బోల్టుకు 13 ఉంటాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి, రెండు చుట్లు ఎక్కుతాయి కూడా, ఆ తర్వాత బలం పెడితే లోపలి మర చెడిపోతుంది. మిగిలి ఉన్న పాత బోల్టును దుకాణానికి తీసుకువెళ్లి, మరల కొలత చూసే గేజ్ పెట్టించి కొనండి.

శ్రోత (అనంతపురం): దాని మీద ఉన్న పాత ఆకుపచ్చ రంగును ఇసుక కాగితంతో గీకేయవచ్చా?

నిపుణుడు: పొడిగా గీకకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు, అంటే పది లక్షల్లో 90 వంతులకు, మించకూడదన్న నిబంధనే మన దేశంలో 2017 నవంబరులో గాని అమలులోకి రాలేదు, కాబట్టి పాత యంత్రాల రంగులో సీసం ఉంటుందనే అనుకోవాలి. తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. రంగు గట్టిగా అంటుకుని ఉంటే అసలు గీకనే వద్దు, ఆ వైస్‌కు అది అందమే.

వ్యాఖ్యాత: సమయం దగ్గర పడింది. హైదరాబాద్ నుంచి చివరి ఫోన్, క్లుప్తంగా అడగండి.

శ్రోత (హైదరాబాద్): సార్, ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక పాత కరెంటు సాన మిషన్ కొన్నాను. అక్కడ ప్లగ్గు పెట్టి తిప్పి చూపించారు, బాగానే తిరిగింది. ఇంట్లో నేరుగా వాడుకోవచ్చా?

నిపుణుడు: తిరిగినంత మాత్రాన వాడటానికి పనికివస్తుందని కాదు. పాత మోటార్ల తీగల మీది రబ్బరు, గుడ్డ తొడుగు పొడిబారి రాలిపోయి ఉంటాయి, కరెంటు పైకవచానికి తగిలే ప్రమాదం ఉంది. కొత్త మూడు తీగల వైరు వేయించి, ఎర్త్ కలిపించి, కరెంటు లీకును పట్టిచ్చే మెగ్గర్ అనే మీటరుతో పరీక్ష చేయించిన తర్వాతే ప్లగ్గు పెట్టండి. దానికి రాయి ఉందా?

శ్రోత (హైదరాబాద్): ఉంది సార్, దానితో పాటే వచ్చింది. ఒక పక్క కాస్త పెచ్చు ఊడింది.

నిపుణుడు: పెచ్చు ఊడిన రాయిని పరీక్షించే పని కూడా లేదు, తీసి పారేయండి. కొత్త రాయి తెచ్చినా, బిగించే ముందు ఇరుసు రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో తేలికగా తట్టండి. ఖంగుమని మోగాలి, మొద్దుగా శబ్దం వస్తే లోపల పగులు ఉన్నట్టే. రాయి మీద రాసి ఉన్న వేగం కంటే మీ మోటారు వేగం ఎక్కువ ఉండకూడదు, కవచం లేకుండా నడపకూడదు, మొదటి నిమిషం పాటు రాయికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడాలి.

శ్రోత (హైదరాబాద్): ఈ ఒక్క ఆదివారానికి పాత రాయితోనే కత్తెరలు సానపెట్టుకుని, తర్వాత మారుస్తాను సార్.

నిపుణుడు: వద్దని చెబుతున్నాను. కత్తెరలు వచ్చే ఆదివారం దాకా ఆగుతాయి, ఆ రాయిని ఇప్పుడే విప్పేయండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. లైన్ దొరకని శ్రోతలు తమ ప్రశ్నలను ఉత్తరం ద్వారా పంపవచ్చు. నమస్కారం.