విలోమం లేని పది మాత్రికల పక్షాన

సభాధ్యక్షులకు, గణితం బోధిస్తున్న మిత్రులకు, కాగితం, కలం సిద్ధంగా పెట్టుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. నన్ను గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞుణ్ని. మర్యాదలను ఇంతటితో ఆపి, చాలా ఏళ్లుగా మనసులో ఉండిపోయిన ఒక మాట చెప్పడానికి అనుమతి కోరుతున్నాను.

ఒకప్పుడు పాఠ్యప్రణాళికా సంఘం సమావేశంలో, పరిమిత క్షేత్రాలపై మాత్రికల అర్ధసమూహాలు (గుణిస్తే అందులోనే ఉండే, విలోమం తప్పనిసరి కాని సముదాయాలు) బహుపదులపై ఎలా పనిచేస్తాయో ఎం.ఎస్సీ. విద్యార్థులకు నాలుగు తరగతుల్లో చెప్పే అవకాశం ఇవ్వమని అడిగాను. "విలోమం లేని మాత్రికలతో మనకేం పని, సమూహం చాలదా?" అని ఒక పెద్దాయన అన్నారు. తగిన జవాబు ఆ క్షణాన నోటికి రాలేదు, పాఠాన్ని తీసేశారు. ఆ జవాబు ఈ రోజు చెబుతాను.

0, 1 అనే రెండే మూలకాలున్న క్షేత్రాన్ని తీసుకుందాం; అక్కడ 1+1=0. దానిపై 2×2 మాత్రికలు 16. వాటిలో విలోమం ఉన్నవి 6, అవి ఒక సమూహం. మిగిలిన పదింటిలో ఒకటి శూన్యమాత్రిక, తొమ్మిదింటి కోటి (ర్యాంకు, అంటే స్వతంత్రమైన అడ్డువరుసల సంఖ్య) 1. పదహారూ కలిస్తే అర్ధసమూహం. మాత్రిక చెప్పినట్టు x, y ల స్థానంలో వాటి ఏకఘాత సంయోగాలను ప్రతిక్షేపించడమే బహుపదులపై దాని చర్య. ఒకే పరిమాణం (డిగ్రీ) గల సమఘాత బహుపదులు ఈ ప్రతిక్షేపణలో తమ సదిశాంతరాళం దాటి పోవు కనుక, ప్రతి పరిమాణమూ ఒక ప్రాతినిధ్యాన్ని, అంటే గుణకారాన్ని పాటిస్తూ మాత్రికలు ఒక అంతరాళంపై పనిచేసే తీరును, ఇస్తుంది.

దయచేసి కలం తీయండి, ఈ లెక్క మీరే చేయాలి. పరిమాణం 2 లో x², xy, y² ఉన్నాయి. (x+y)² = x²+y² కనుక, x², y² లు జనింపజేసే ఉపాంతరాళం పదహారు మాత్రికల కిందా నిలుస్తుంది. దానితో కలిసి మొత్తం అంతరాళాన్ని నింపుతూ, దానికి పూరకంగా నిలిచే మరో ఉపాంతరాళం ఉందా? సమూహాన్ని అడిగితే ఉందంటుంది, ఎందుకంటే x²+xy+y² ను ఆ ఆరు మాత్రికల్లో ఏదీ మార్చలేదు. 1911లో లియొనార్డ్ డిక్సన్ వర్ణించిన స్థిర బహుపదుల్లో ఇది అతి చిన్నది, xy(x+y) దాని తోడు. ఇప్పుడు y స్థానంలో x పెట్టండి. x²+x²+x² అంటే x². పూరకం అనుకున్నది వెళ్లి మొదటి ఉపాంతరాళంలోనే పడింది! సమూహం రెండు ముక్కలుగా విడదీసిన అంతరాళం అర్ధసమూహం దృష్టిలో విడిపోదు. ఆ సంగతి బయటపెట్టినది ఆ పెద్దాయన పనికిరాదన్న మాత్రికే.

ఇంకా ఉంది. ఈ క్షేత్రంపై ఆ సమూహానికి విడదీయరాని ప్రాతినిధ్యాలు, అంటే లోపల నిలిచే చిన్న ఉపాంతరాళమేదీ లేనివి, రెండే, అర్ధసమూహానికి నాలుగు. అన్ని మాత్రికలనూ 1 కి పంపేది ఒకటి. నిర్ధారకం ఒకటి, అది ఆరింటిని 1 కి, పదింటిని 0 కి పంపుతుంది. సమూహం వరకే చూస్తే ఈ రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. మూడోది x, y ల సహజ ప్రాతినిధ్యం, నాలుగోది దాన్ని నిర్ధారకంతో గుణించినది. q మూలకాల క్షేత్రంపై n×n మాత్రికలకు ఈ లెక్క సరిగ్గా qⁿ. కోటి 0 కి ఒకటి, కోటి r కి (q−1)qʳ⁻¹ చొప్పున కూడితే అదే వస్తుంది. ఏ కోటిని వదిలేసినా ఆ మొత్తం రాదు.

టోపాలజీలో, ఆకృతులకు జోడించే బీజగణితంపై పనిచేసే స్టీన్‌రాడ్ క్రియలు మూలక్షేత్రంపై (ప్రధానసంఖ్య p అన్ని మూలకాలున్న క్షేత్రంపై) ఈ ప్రతిక్షేపణలన్నిటితోనూ, విలోమం లేనివాటితో సహా, వినిమయం పాటిస్తాయి, అంటే ఏది ముందు చేసినా ఫలితం ఒకటే. 1988లో హారిస్, కూన్ అనే గణితజ్ఞులు వర్గీకరణ అంతరాళాలను (ఒక్కో బీజగణిత సమూహానికి టోపాలజీలో జోడించే అంతరాళాలను) ముక్కలు చేసింది విలోమం ఉన్న మాత్రికల సమూహంతో కాదు, ఈ అర్ధసమూహంతోనే. నా పాఠంలో నాలుగో తరగతి ఇదే కావలసింది, ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

విద్యార్థులారా, నాలుగో ప్రాతినిధ్యం ఎక్కడ దొరుకుతుందో చూడండి. L = xy(x+y) అనుకోండి. విలోమం లేని ప్రతి మాత్రికా L ను సున్నా చేస్తుంది, మిగిలిన ఆరూ దాన్ని అలాగే ఉంచుతాయి. కాబట్టి పరిమాణం 4 లో Lx, Ly లు జనింపజేసే ఉపాంతరాళమే అది. పరిమాణం 3 ను మీకు వదిలేస్తున్నాను: అందులో నిర్ధారకం రెండుసార్లు ఎందుకు వస్తుందో కనుక్కోండి. ఆ నాలుగు తరగతులనూ ఈ వేసవిలో మా ఇంటి వసారాలో చెబుతాను, రాదలచినవారు సభ ముగిశాక నాకు పేర్లు ఇవ్వండి.