చేపల ట్యాంకులో నీళ్లు ఎటు తిరుగుతున్నాయి?

అందరికీ నమస్కారం. ఈ పక్కన బల్ల మీద ఉన్న ట్యాంకు వెనక వరుసల వాళ్లకి సరిగ్గా కనిపించకపోవచ్చు. చివర్లో అందరూ దగ్గరికి వచ్చి చూద్దురు గాని.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు చేపల చెరువులు చేసేవారు. ఎండాకాలంలో తెల్లవారుజామున నాలుగింటికే టార్చిలైటు పట్టుకుని గట్టు మీదికి వెళ్లేవారు, చేపలు తేలాయా లేదా అని చూసుకోవడానికి. నీటిలోని నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది కానీ రాత్రంతా తను కూడా వాడుకుంటుంది. అందుకే పొద్దు పొడవక ముందు చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్ వేయాలి, లేదంటే కొత్త నీరు పెట్టాలి.

ఇదంతా చూస్తూ పెరిగిన నేను హైదరాబాద్ వచ్చాక హాల్లో రెండడుగుల ట్యాంకు పెట్టాను. అందులో ఏడు గోల్డ్‌ఫిష్‌లు వేశాను. ఆ సైజుకి ఏడు ఎక్కువే, అది నా మొదటి తప్పు. ఒక మే నెలలో పొద్దున లేచేసరికి నాలుగు చచ్చిపోయి ఉన్నాయి. ఫిల్టర్ ఆడుతూనే ఉంది, బుడగలు వస్తూనే ఉన్నాయి, నీళ్లు తేటగా ఉన్నాయి. మా అమ్మాయి ఏడుస్తూ, "నాన్నా, మోటార్ ఆడుతోంది కదా, మరి ఎందుకు చచ్చిపోయాయి?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెతుక్కున్న జవాబే ఇవాళ మీకు చెబుతున్నాను.

25 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకి సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. అవే నీళ్లు 32 డిగ్రీలకి వేడెక్కితే 7.3 దగ్గర ఆగిపోతుంది. అదే వేడికి చేప ఒంట్లో పని పెరిగి దానికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. ఇటు రాబడి తగ్గింది, అటు ఖర్చు పెరిగింది. ట్యాంకులోకి ఆక్సిజన్ వచ్చే ముఖ్యమైన దారి నీటి పైభాగమే. అక్కడ కరిగింది కదలని నీళ్లలో తనంతట తాను కిందికి దిగాలంటే చాలా నెమ్మది, గాలిలో పాకే వేగంలో దాదాపు పదివేలో వంతు. కాబట్టి పై నీరే కిందికి వెళ్లాలి, కింది నీరు పైకి రావాలి. నీళ్లు తిరగడం అంటే ఇదే.

మరి బుడగలు? ఎయిర్ స్టోన్ అంటే ఎయిర్ పంపు పంపే గాలిని బుడగలుగా వదిలే చిల్లుల రాయి. దాని నుంచి వచ్చే బుడగ అడుగు లోతు నీళ్లు దాటి పైకి రావడానికి ఒక సెకను పడుతుందేమో. ఆ కాస్త సేపట్లో అది ఇచ్చే ఆక్సిజన్ తక్కువే. బుడగలు నిజంగా చేసే మేలు ఏమిటంటే తమతో పాటు కింది నీటిని పైకి లాగి, పైనున్న పొరను కదపడం. ఎయిర్ స్టోన్‌ని ఏదో మూల బొమ్మ వెనక దాచిపెడితే ఆ మూల నీరే అక్కడక్కడే తిరుగుతుంది. చూసేవాళ్లకి మాత్రం ట్యాంకంతా బాగున్నట్టే ఉంటుంది.

నా ట్యాంకులో జరిగింది అదే. ఫిల్టర్ కుడి మూల ఉంది, దాని మూతి పక్క అద్దానికి ఎదురుగా ఉంది. ఎడమ వైపు పెద్ద రాయి, ప్లాస్టిక్ కోట. ఆ కోట తీస్తే వెనక నల్లటి మడ్డి, కుళ్లిన గుడ్ల వాసన. నీళ్లు కదలని చోట ఆక్సిజన్ చేరదు, అక్కడ పేరుకున్న మేత, రెట్ట అలాగే కుళ్లుతాయి. ఆ తర్వాత ఫిల్టర్ స్పాంజి తీసి చూస్తే మూడు నెలల మురికితో గట్టిపడి ఉంది. మోటార్ చప్పుడు వస్తోంది కానీ నీళ్లు సన్నటి ధారగా వస్తున్నాయి. నాకు తెలిసిన ట్యాంకుల్లో ఎక్కువ వాటికి వచ్చే జబ్బు ఇదే. నీళ్లు తిరగడం లేదని పెద్ద మోటార్ కొంటాం, కానీ ఉన్న స్పాంజి కడగం.

స్పాంజి కడిగేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. కుళాయి కింద పెట్టకండి. చేపల రెట్ట నుంచి వచ్చే అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే కాపురం ఉంటుంది. మునిసిపల్ నీళ్లలోని క్లోరిన్ దానికి హాని చేస్తుంది. నీళ్లు మార్చే రోజున ట్యాంకు నుంచి తీసిన బకెట్ నీళ్లలోనే మూడు నాలుగు సార్లు పిండితే చాలు. మోటార్‌లోని చిన్న రెక్కల చక్రం కూడా తీసి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గే పీకేయండి.

ఎంత నీళ్లు తిరగాలి? గంటకి ట్యాంకు నీళ్లకి నాలుగైదు రెట్లు అని మామూలుగా ఒక లెక్క చెబుతారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో నిండా పోస్తే 57 లీటర్లు పడతాయి. అంటే గంటకి 230 నుంచి 280 లీటర్లు. డబ్బా మీద 400 అని ఉందని నిశ్చింతగా ఉండకండి. స్పాంజి అడ్డు, నీటిని పైకి ఎత్తే శ్రమ కలిస్తే అంత రాదు. ఫిల్టర్ మూతి నీళ్లకి పైన ఉంటే ఒక లీటరు మగ్గు పట్టి చూడండి. 15 సెకన్లలో నిండితే గంటకి 240 లీటర్లు వస్తున్నట్టు.

ఇప్పుడు ఫిల్టర్ ఎక్కడ పెట్టాలో చూద్దాం. మూతిని నీటి పైభాగానికి దగ్గరగా, పొడవు వైపుకి తిప్పండి. నీళ్లు పైన పారుతూ వెళ్లి అవతలి అద్దానికి తగిలి కిందికి దిగుతాయి, అడుగున వెనక్కి తిరిగి వస్తాయి. నీళ్లు పీల్చే గొట్టం ఇవతలి వైపే, అడుగుకి దగ్గరగా ఉంటే చుట్టు పూర్తవుతుంది. రాళ్లకీ వెనక అద్దానికీ మధ్య రెండు వేళ్ల సందు వదలండి. పైన నూనె తెట్టులాంటి పొర కడుతుంటే పై నీరు కదలడం లేదని గుర్తు. మొక్కలు పెంచుతూ కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేవాళ్లు పైన అలజడి ఎక్కువైతే అది పోతుందని భయపడతారు. పగలు కొంచెం తగ్గించుకోండి, లైటు ఆర్పాక మాత్రం నీళ్లు బాగా కదలనివ్వండి.

ధార అన్ని చేపలకీ ఒకటే కాదు. మన కొర్రమీను సంతలో కాసిన్ని నీళ్లున్న తొట్టిలో కూడా బతికి ఉంటుంది కదా, అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. బెట్టా, గౌరామీలు కూడా అలా పీలుస్తాయి. పొడుగు రెక్కల బెట్టాని జోరు ధారలో వేస్తే ఎదురీదలేక అలిసిపోతుంది. దానికి స్పాంజి ఫిల్టర్ మెల్లగా ఆడితే చాలు. అదే పడమటి కనుమల వాగుల్లో పుట్టిన మిస్ కేరళ చేపకి పారే నీళ్లంటే ప్రాణం.

ఇంకో మాట, ఇది నేను బతిమాలి చెబుతున్నాను. చప్పుడుకి నిద్ర పట్టడం లేదని రాత్రి ఎయిర్ పంపు ఆపేయకండి. ఆక్సిజన్ తగ్గేది ఆ వేళలోనే. పంపు కింద మందపాటి ఫోమ్ ముక్క వేయండి, చప్పుడు చాలా వరకు తగ్గుతుంది. పంపుని నీటి మట్టం కంటే పైన పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు గొట్టంలో నుంచి నీళ్లు వెనక్కి దిగుతాయి. కరెంటు ఎక్కువ సేపు పోతే బ్యాటరీ పంపు వాడండి. అది లేకపోతే మగ్గుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి పోస్తూ ఉండండి. క్యానిస్టర్ ఫిల్టర్, అంటే ట్యాంకు బయట ఉండే మూత బిగించిన డబ్బా ఫిల్టర్, గంటల తరబడి ఆగిపోతే లోపలి నీళ్లు పారబోసి, స్పాంజి పిండాకే మళ్లీ వేయండి.

ఇక ముందుకి రండి. పిల్లల్ని ముందు నిలబడనివ్వండి. ఈ మేత గింజల్ని వేళ్లతో నలిపి పొడి చేసి, ఫిల్టర్ మూతి ముందు చిటికెడు వేస్తున్నాను. పొడి ఎటు పోతోందో కళ్లతో వెంబడించండి. అదిగో, అటు వెళ్లింది, దిగింది, వెనక్కి వస్తోంది. ఆ ఎడమ మూల రాయి దగ్గర కొంచెం పొడి ఆగిపోయింది, చూశారా? ఇప్పుడు ఆ రాయిని రెండు వేళ్లు ఇవతలికి జరిపి మళ్లీ వేస్తాను.