అమెరికా జీతం సరే, గుంటూరు ఎఫ్‌డీ సంగతేంటి?

(తెరపై: పే స్లిప్)

అమెరికాలో మొదటి జీతం పడగానే చాలామందికి గుండె జారుతుంది. ఆఫర్ లెటర్‌లో ఉన్న అంకె వేరు, ఖాతాలో పడింది వేరు. ఫెడరల్ ట్యాక్స్ పోయింది. సోషల్ సెక్యూరిటీకి (అక్కడి ప్రభుత్వ పెన్షన్) 6.2 శాతం, మెడికేర్‌కి (పెద్దవాళ్ల ఆరోగ్య బీమా) 1.45 శాతం పోయాయి. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉంటే రాష్ట్రం కూడా చెయ్యి చాస్తుంది. టెక్సస్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. డల్లాస్‌లో ఇల్లు కొన్నాక ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు చూస్తే ఆ సంతోషం కాస్త తగ్గుతుందనుకోండి!

జీతం మీద పన్నులన్నీ కంపెనీయే పట్టుకుని కడుతుంది. అసలు తిరకాసు మన ఊరి పాస్‌బుక్కులో ఉంది.

(తెరపై: క్యాలెండర్)

మొదటిసారి హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద అక్టోబర్ 1న అమెరికాలో దిగారనుకుందాం. అక్కడ పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబర్ దాకా. అంటే ఆ ఏడాది మీరున్నది 92 రోజులే. పన్ను లెక్కలో రెసిడెంట్ అవడానికి 183 రోజులు కావాలి కాబట్టి, ఆ ఏడాదికి మామూలుగా నాన్ రెసిడెంటే. 1040-ఎన్ఆర్ ఫారం వేసి, అక్కడి ఆదాయం చూపిస్తే చాలు.

మరుసటి ఏడాదంతా అక్కడే ఉంటే రెసిడెంట్ అయిపోతారు. గ్రీన్ కార్డు లేదు కదా అంటే కుదరదు, ఇది రోజుల లెక్క. ఇక ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా చూపించాలి. గుంటూరు ఎఫ్‌డీ వడ్డీ, కూకట్‌పల్లి ఫ్లాట్ అద్దె, అన్నీ.

(తెరపై: రెండు పాస్‌బుక్కులు, ఎన్ఆర్ఓ, ఎన్ఆర్ఈ)

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఎన్ఆర్ఓ అంటే ఎన్ఆర్ఐలు ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునే ఖాతా, ఎన్ఆర్ఈ అంటే విదేశీ సంపాదన పంపుకునే ఖాతా. ఎన్ఆర్ఓ వడ్డీ మీద ఇండియాలో కట్టిన పన్నుకి అమెరికాలో క్రెడిట్, అంటే అక్కడి పన్నులో తగ్గింపు, అడగొచ్చు. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇండియాలో పన్నే లేదు, అందుకని దాన్ని మర్చిపోతారు. అమెరికా మర్చిపోదు. ఇండియాలో కట్టలేదు కాబట్టి క్రెడిట్ కూడా రాదు.

ఇంకో చిక్కు: మన బ్యాంకులు వడ్డీ సర్టిఫికెట్ మామూలుగా ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఇస్తాయి. మీకు జనవరి నుంచి డిసెంబర్ లెక్క కావాలి. స్టేట్‌మెంట్ తీసి కూర్చోక తప్పదు.

(తెరపై: "10,000 డాలర్లు")

రెసిడెంట్లకు ఎఫ్‌బార్ అని మరొకటి ఉంది. ఇది పన్ను కాదు, వివరం చెప్పడమే. అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఆన్‌లైన్‌లో విడిగా ఫైల్ చేయాలి. గడువు ఏప్రిల్ 15, అడగకపోయినా అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంటుంది. చెప్పకపోతే జరిమానా గట్టిగానే పడొచ్చు.

"అది నాన్న డబ్బండీ, నాది కాదు" అంటారా? జాయింట్‌గా మీ పేరుంటే ఆ ఖాతా కూడా లెక్కలోకి వస్తుంది. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు అడగండి: "నాన్నా, నా పేరు ఎక్కడెక్కడ పెట్టావ్?"

పోస్టాఫీసుతో మొదలుపెడతారు చూడండి.