ఒకరు లోపల, ఒకరు వెనక

శ్రోతలందరికీ నమస్కారం.

భార్యాభర్తలు కలిసి సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్కు కొనడానికి బయల్దేరితే ఏమవుతుందో ఈ పదిహేను నిమిషాల్లో చెప్పాలి. భార్యాభర్తలంటే నేనూ మా ఆయనా అనుకోండి. మాకో చిన్న మొక్కల నర్సరీ ఉంది. కుండీలు, మట్టి, ఎరువు బస్తాలు, అన్నీ చాలాకాలం కారులోనే మోశాం. వెనక సీటు సందుల్లో మట్టి ఎంత పేరుకుందంటే, ఒక వర్షాకాలం అందులో ఏదో మొలకెత్తింది. ఏం మొక్కో తెలుసుకునేలోపే మా ఆయన పీకేశారు. ఆ వారమే నిర్ణయించుకున్నాం, పికప్ కొందామని. కొత్తదానికి చేతిలో డబ్బు లేదు కాబట్టి పాతదే.

కొనాలన్న విషయంలో గొడవ లేదు. ఎంత పెద్దది అన్న దగ్గరే వచ్చింది. ఆయనకి ఫోర్ వీల్ డ్రైవ్ కావాలి, ఎత్తుగా ఉండాలి, ఎక్కడానికి మెట్టు ఉండాలి. "మన మొక్కలేమైనా కొండలెక్కుతాయా?" అన్నాను. మాట్లాడలేదు. నేనడిగింది ఒక్కటే, ఎంత బరువు మోస్తుంది అని. ఒక ఘనపు మీటరు తడిమట్టి సుమారు 1500 కిలోలు తూగుతుంది. చిన్న పికప్‌లు చాలావాటికి అంత బరువు మోసే శక్తి లేదు. వెనక తొట్టిలో ఖాళీ ఉంది కదా అని అంచుదాకా నింపితే, బండి పైకి ఏమీ అనదు, కింద ఏదో ఒకటి విరుగుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మొదటి రెండు బండ్లూ మేం చూసిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అమ్మేవాళ్లు బోనెట్ ఎత్తారు. ఇద్దరం వంగాం. ఇద్దరం ఒకే ఇంజన్ వైపు చూశాం. ఇద్దరం "ఊఁ" అన్నాం. తర్వాత ఇద్దరం టైర్లని కాలితో తన్నాం. టైరుని ఎందుకు తంతారో నాకు తెలీదు, ఆయన తన్నారు కాబట్టి నేనూ తన్నాను. ఇద్దరు వెళ్లినా చూసింది మాత్రం ఒకే జత కళ్లు.

రెండో బండి దగ్గర ఇంకో తమాషా జరిగింది. మేం వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంది. "ఇప్పుడే బయటికెళ్లొచ్చాను" అన్నాడు ఆ అబ్బాయి. నిజమే కావచ్చు. కానీ రాత్రంతా చల్లారిన ఇంజన్ మొదటిసారి స్టార్ట్ అయ్యేటప్పుడు చెప్పే నిజాలు, వేడెక్కిన ఇంజన్ చెప్పదు. వెనకనుంచి నీలం పొగ వస్తే లోపల ఆయిల్ కాలుతోందన్నమాట. తెల్లపొగ వచ్చి, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకుండా, తియ్యటి వాసన కొడితే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, లోపలికి కారుతోందని అనుమానించాలి. చలిపొద్దున కాసేపు తెల్లగా వచ్చేది ఉత్త ఆవిరి, దానికి భయపడక్కర్లేదు. మరి ఈ పొగని ఎవరు చూస్తారు? తాళం తిప్పేవాళ్లకి సరిగా కనపడదు. వాళ్లు ముందు కూర్చుని ఉంటారు, పొగ వెనకనుంచి పోతుంది. ఒకరు లోపల ఉండాలి, ఒకరు వెనక ఉండాలి.

ఒకరు లోపల, ఒకరు వెనక. నేనివాళ చెప్పదలుచుకున్నది ఇంతే. ఇక మూడో బండి కథ.

ఆ బండి అమ్మే ఆయన వయసులో పెద్దాయన. నెమ్మది మనిషి. సర్వీసు చేయించిన ప్రతి బిల్లూ ఒక ఫైల్లో పెట్టుకున్నారు. ముదురు నీలం రంగు బండి, ఎక్కడా గీత లేదు. మా ఆయన మొహం చూడగానే నాకర్థమైపోయింది, ఇక ఈయన కంటికి ఏ లోపమూ ఆనదని. బోనెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. మంచి సూచన. నేను వెనక నిలబడితే ఆయన స్టార్ట్ చేశారు. పొగ లేదు. టైర్ల పక్కన ఉండే నాలుగు అంకెలు చూశాను. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అన్నమాట. అదీ బాగానే ఉంది. సీటుబెల్టు చివరిదాకా బయటికి లాగాను. వరదనీళ్లలో మునిగిన బండైతే, పైన ఎంత శుభ్రం చేసినా, లోపల చుట్టుకుని ఉండే ఆ భాగంలో బురద చార ఒక్కోసారి దొరికిపోతుంది. చార లేదు. పెద్దాయన మురిపెంగా చూస్తున్నారు.

ఇక నడిపి చూడాలి. అక్కడ చిక్కు వచ్చింది. బండికి రెండే సీట్లు. స్టీరింగ్ దగ్గర మా ఆయన, పక్కన పెద్దాయన. మరి నేను? "నువ్విక్కడే ఉండు, పది నిమిషాల్లో వచ్చేస్తాం" అన్నారు మా ఆయన. నాకు ఒళ్లు మండింది. డబ్బులో సగం నాది, సీటు మాత్రం లేదు. వాళ్లు కదలగానే మా కారు తీసి వెనకాలే బయల్దేరాను. తెలివితో చేసిన పని కాదండీ, ఉక్రోషంతో చేసింది.

రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. ముందు నీలం బండి, వెనక నేను. కాసేపటికి నాకేదో తేడాగా అనిపించింది. నేను సరిగ్గా బండి వెనకే ఉన్నాను, అయినా దాని ఎడమ పక్క రేకు నాకు కనిపిస్తోంది. ఎడమవైపు వెనక చక్రం పక్కనుంచి ముందు చక్రం కొంచెం బయటికి తొంగిచూస్తోంది. కుక్క పరుగెత్తేటప్పుడు చూడండి, తల ఒక వాటంగా, వెనక భాగం ఒక వాటంగా పోతుంది. అచ్చం అలాగే. బండి పోవడం తిన్నగానే పోతోంది, కానీ దాని మొహం మాత్రం తిన్నగా లేదు.

లైట్లు వేసి ఆర్పాను. ఆగలేదు. తర్వాత తెలిసింది, నేను తోడుగా వస్తున్నందుకు సంతోషంగా సైగ చేస్తున్నాననుకున్నారట.

తిరిగొచ్చాక చెప్పాను. మా ఆయన నమ్మలేదు. "తొట్టి వంకరగా బిగించి ఉంటారులే" అన్నారు. ఆ మాట కొట్టిపారేయడానికి లేదు. ఫోర్డ్ కంపెనీ 1925లో మోడల్ టీకి ఫ్యాక్టరీలోనే వెనక తొట్టి బిగించి అమ్మిన నాటి నుంచి ఇవాళ్టిదాకా, ఎక్కువ పికప్‌లలో క్యాబిన్ వేరు, తొట్టి వేరు. రెండూ కింద నిచ్చెనలా ఉండే ఛాసిస్ మీద కూర్చుంటాయి. తొట్టి విప్పి కొత్తది పెట్టొచ్చు, వంకరగానూ పెట్టొచ్చు. అందుకే పైన రంగు తళతళలాడినా కింద ఛాసిస్ వంగి ఉండొచ్చు. పైరేకు చూసి బండి సంగతి తేల్చలేం.

చక్రాలు మాత్రం ఛాసిస్ సంగతి చెప్పేస్తాయి. నర్సరీ పని కాబట్టి నా సంచిలో ఎప్పుడూ టేపు ఉంటుంది. స్టీరింగ్ తిప్పి ముందు చక్రాల్ని తిన్నగా పెట్టించాను. ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక చక్రం నడిమధ్యకి కొలిచాం. ముందు ఎడమవైపు, తర్వాత కుడివైపు. రెండూ ఒకేలా రావాలి. కుడివైపు 3 సెంటీమీటర్లు ఎక్కువొచ్చింది. ఆయన మళ్లీ కొలిచారు. అంతే. మూడోసారి పెద్దాయన కొలిచారు. అంతే.

ఇక్కడ చిన్న పక్కదారి. పుట్టుకతోనే రెండు వైపులా కొలత తేడాగా ఉన్న కారు కూడా ఒకటుంది. 1961లో వచ్చిన రెనో 4. సస్పెన్షన్ అమరిక కోసం దాని కుడి చక్రాల మధ్య దూరం, ఎడమవాటికంటే దాదాపు 5 సెంటీమీటర్లు ఎక్కువ పెట్టారు. అది లోపం కాదు, డిజైనే అంత. కానీ మా ముందున్న పికప్‌ది ఆ వంశం కాదు.

అప్పుడు మా ఆయన నెమ్మదిగా ఒక మాట బయటపెట్టారు. "నడుపుతుంటే స్టీరింగ్ కాస్త కుడికి తిప్పి పట్టుకుంటే గానీ తిన్నగా పోలేదు" అని. మరి అప్పుడే చెప్పొచ్చుగా? "అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోతుందనుకున్నాను" అన్నారు. నాకు తెలుసు, అందుకు కాదు. నచ్చిన బండి మీద నేరం చెప్పడానికి నోరు రాలేదు. లోపల కూర్చున్నాయన చేతులకి సగం తెలిసింది, వెనకున్న నా కళ్లకి సగం తెలిసింది. ఆ రెండు సగాలూ కలిపితే గానీ విషయం తేలలేదు.

పెద్దాయన పరిస్థితి చూస్తే జాలేసింది. ఆయనేమీ దాచలేదు. రెండేళ్ల కిందట ఆయనా సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నారు, ఒక్కరే వెళ్లి. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించారు, ఫైల్లో ఆ బిల్లులూ ఉన్నాయి. చేయించిన కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ స్టీరింగ్ పక్కకి పోతుంది. రెండేళ్లు నడిపారు గానీ, తన బండి రోడ్డు మీద పోతుంటే వెనకనుంచి ఆయన ఒక్కసారీ చూడలేదు. ఎలా చూస్తారు? ఎప్పుడూ లోపలే కదా ఉన్నారు.

ముగ్గురం కలిసి మెకానిక్ దగ్గరికెళ్లాం. ఛాసిస్ వంగి ఉంటుందనే నా భయం. వంగితే మాత్రం నా మాటగా ఒకటే చెబుతాను, బేరం కూడా ఆడకుండా వచ్చేయండి. మెకానిక్ బండి కిందికి దూరి, లైటు వేసి చూసి, నవ్వుతూ బయటికొచ్చాడు. వెనక కమాన్ కట్టలుంటాయి చూడండి, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప పట్టీలు, వాటన్నిటినీ కలిపి పట్టి ఉంచేది మధ్యలో ఒక సెంటర్ బోల్టు. దాని తల, కింద వెనక చక్రాలు రెండిటినీ కలిపే ఇరుసు, అదే యాక్సిల్, దాని మీదున్న గుంటలో కూర్చుంటుంది. యాక్సిల్‌ని దాని చోట కుదురుగా నిలిపేది ఆ తలే. కుడివైపు అది తెగిపోయింది. కట్టనీ యాక్సిల్‌నీ కలిపి చుట్టూ బిగించే యూ-బోల్టులు కూడా వదులయ్యాయి. బ్రేకు వేసిన ప్రతిసారీ కుడిపక్క యాక్సిల్ రవ్వంత వెనక్కి జారుతూ వచ్చింది. వెనక చక్రాలు వంకరైతే ముందు చక్రాలకి ఎన్ని అలైన్‌మెంట్లు చేయిస్తే ఏం లాభం? ఎందుకు తెగిందంటే మెకానిక్ తొట్టి వైపు చూపించి, చేత్తో "నిండా" అన్నట్టు సైగ చేశాడు. ముందు చెప్పాను కదా, అంచుదాకా నింపితే కింద ఏదో ఒకటి విరుగుతుందని.

ఇప్పుడు చూడండి విచిత్రం. మా ఇద్దరి మాటలూ తారుమారయ్యాయి. "ఓవర్‌లోడు తోలిన బండి, ఇంకెన్ని దెబ్బతిన్నాయో, వద్దు" అంటారు ఆయన. "జబ్బేంటో తెలిసింది, ఛాసిస్ బాగుంది, బోల్టులు మార్చి కొందాం" అంటాను నేను. మెకానిక్ షెడ్డు బయట అరగంట వాదించుకున్నాం. అంతా పెద్దాయన ఎదురుగానే. అది మా తప్పు. కొనే ఇద్దరూ అమ్మేవాళ్ల ముందు వాదించుకోకూడదు. వెళ్లేముందే, ఇంతకు మించి పెట్టేది లేదన్న అంకె కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి. ఇద్దరిలో బండి ఎవరికి తక్కువ నచ్చిందో వాళ్లే బేరం ఆడాలి. నచ్చినవాళ్లు దూరంగా టీ తాగుతూ ఉండటం మంచిది.

సరే, కొత్త సెంటర్ బోల్టు, కొత్త యూ-బోల్టులు వేశారు. టేపు పెట్టి కొలిస్తే రెండు వైపులా ఒక్కటే. మా ఆయన బండి తీసుకుని తిన్నటి రోడ్డు మీద వెళ్లారు. ఈసారి పెద్దాయన్ని పక్క సీట్లోకి ఎక్కనివ్వలేదు నేను. నా పక్కనే రోడ్డు అంచున నిలబెట్టాను. ఇద్దరం వెనకనుంచి చూస్తూ నిలబడ్డాం. వెనక చక్రాల చాటున ముందు చక్రాలు పూర్తిగా దాక్కున్నాయి. నీలం బండి గీత గీసినట్టు వెళ్లిపోయింది.

పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. బండి తిరిగొచ్చాక తను ఎక్కి, ఒక్కరే ఒక చుట్టు తిప్పుకొచ్చారు. దిగి, తాళాలు జేబులో వేసుకున్నారు. "ఏమనుకోకండమ్మా, నేనిది అమ్మను" అన్నారు. స్టీరింగ్ పట్టుకుని పట్టుకుని భుజాలు నొప్పెట్టడం వల్లే అమ్మకానికి పెట్టారట. బోల్టుల ఖర్చు మాకిచ్చేశారు. మా ఆయన వారం రోజులు ముభావంగా ఉన్నారు.

మేం చివరికి కొన్నది ఐదో బండి. తెల్లది, కొంచెం పొట్టిది, ఎక్కడానికి మెట్టు లేదు. దాని కింద కమాన్ కట్టలు మా ఆయనే లైటు వేసి చూశారు. బండి నడిపి చూసే రోజు తాళాలు నాకిచ్చి, మా కారు తీసుకుని ఆయన వెనకాల వచ్చారు.